గోడ మీద కూర్చున్న అధ్యక్షురాలు

మా కొండ ఊరు నాంట్‌గ్వెర్న్‌లో సగం మందికి ఒకటే ఇంటిపేరు. అందుకని మనిషి పేరుకి ముందు అతని పనో, పొలమో తగిలించి పిలుస్తాం. రొట్టెల కొట్టు నడిపే ఎమ్లిన్ రొట్టెల ఎమ్లిన్. హెండ్రె పొలంలో గొర్రెలు పెంచే ఇద్వాల్ హెండ్రె ఇద్వాల్. తలుపులూ గేట్లూ చేసుకునే నేను చెక్కల హ్యూని. టెగ్వెన్ ప్రోబర్ట్ మాకు గరిటె టెగ్వెన్. ఊరి బడిలో వంట మానేసి చాలా కాలమైనా ఆ పేరు పోలేదు. ఆమె చేతి బంగాళాదుంపలు తిని పెరిగినవాళ్ళ జుట్టు ఇప్పుడు నెరుస్తోంది. ఆమె అటుగా వస్తోందంటే మాత్రం ఇప్పటికీ జేబుల్లోంచి చేతులు బయటికి తీస్తారు.

ఆమె ఊరి కౌన్సిల్లోకి వచ్చింది పోటీ చేసి కాదు. బడి సందులో మురుగు పొంగుతోందని ఫిర్యాదు చెయ్యడానికి ఓ సాయంత్రం హాలుకి వచ్చింది. మాకు ఎప్పుడూ రెండు కుర్చీలు ఖాళీగా ఉంటాయి, ఎన్నికలో నిలబడే వాళ్ళుండరు. ఆమె తిట్టడం ముగించేసరికి మేం ఆమెని సభ్యురాలిని చేసేశాం. మరో ఏడాదికి అధ్యక్షురాలైంది. అంతకు ముందున్న అధ్యక్షుడు పదవికి గుర్తుగా వేసుకునే మెడ గొలుసు ఆమెకి వేసి, పరుగులాంటి నడకతో ఇంటికి పోయాడు.

మొదటి సమావేశంలోనే మమ్మల్ని హాల్లోంచి లేపింది. బస్సు షెల్టరు కప్పు కారుతోందా లేదా అన్నది అప్పటికి మేం చలికాలం మొత్తం తేల్చలేకపోయిన విషయం.

"కారదు, ఉత్త చెమ్మ," అన్నాడు ఎమ్లిన్.

"అయితే పదండి, ఆ చెమ్మలోనే కూర్చుని మాట్లాడుకుందాం," అంది టెగ్వెన్. బయట వాన దంచి కొడుతోంది. అందరం షెల్టర్లో బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నాం. క్లర్కు డెలిత్ బిస్కెట్ల డబ్బా మూత తీసే లోపల ఓ ధార తిన్నగా ఎమ్లిన్ కాలర్లోకి దిగింది. కొత్త కప్పు వెయ్యాలన్న తీర్మానానికి చెయ్యెత్తిన మొదటివాడు అతనే.

అదే ఆమె పద్ధతి. ఏ పేచీ అయినా అది ఉన్న చోటే తేలాలి. రోడ్డు గుంత గురించి గుంత చుట్టూ నిలబడి మాట్లాడాం. పిల్లల జారుడుబల్ల బాగానే ఉందని వాదించిన ఇద్వాల్‌ని దాని మీంచి జారమంది. కిందికి వచ్చాక అతను ప్యాంటు వెనక తడుముకుని, బల్ల మార్చాల్సిందే అన్నాడు. హాల్లో నెలలు పట్టే మాట బయట పావుగంటలో అయిపోయేది. కౌన్సిల్లో మాతో పాటు కూర్చునే పోస్టుమనిషి నెరిస్ అనేది, టెగ్వెన్ కౌన్సిల్లో ఉండాలంటే తెలివి అక్కర్లేదు, మంచి బూట్లుంటే చాలని.

ఇంకో విషయంలోనూ ఆమె గట్టిది. మా కౌన్సిల్లో ఓ నియమం ఉంది. చర్చకు వచ్చిన పనిలో ఎవరికైనా సొంత లాభమో నష్టమో ఉంటే ఆ మాట ముందే చెప్పి, అది తేలేదాకా బయటికి వెళ్ళిపోవాలి. టెగ్వెన్ రాకముందు బయటికి అంటే తలుపు పక్కకి. ఆమె వచ్చాక మాట వినపడనంత దూరం. రొట్టెల కొట్టు ముందు దీపం సంగతి వచ్చినప్పుడు ఎమ్లిన్ చినుకుల్లో చర్చి మలుపు దాకా పోయి నిలబడ్డాడు. వాళ్ళావిడ కిటికీలోంచి చూసి, ఏం తప్పు చేశావని అడిగిందట.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అదే నియమం చివరికి ఆమె కాళ్ళకే అడ్డం పడింది.

టెగ్వెన్ కొండ మీది మా చాపెల్లో, అంటే చిన్న ప్రార్థన మందిరంలో, హార్మోనియం వాయిస్తుంది. రెండు కాళ్ళతో తొక్కి వాయించే పెద్ద పెట్టె అది. పద్నాలుగో ఏట కూర్చుంది ఆ బల్ల మీద. మా ఊళ్ళో పై గొంతు నుంచి కింది గొంతు దాకా నాలుగు రకాల గొంతులూ కలిపి పాడడం అంటే ఆమె వాయించడం, మేం ఆమె వీపు చూసి పాడడం. ఎవరు శ్రుతి తప్పినా ఆ వీపుకి తెలిసిపోతుంది. ఏటా జూన్లో ఓ ఆదివారం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా అక్కడికి పాడడానికి వస్తారు. ఊరికి అదే పెద్ద పండగ.

ఆ చాపెల్‌కి బండి దారి లేదు. రెండు పక్కలా రాతిగోడలున్న సందులోంచి పైకి నడిచి, ఇద్వాల్ పొలం గోడ దాటి, గొర్రెల మధ్య నుంచి పోవాలి. గోడ దాటడానికి పలకరాళ్ళ మెట్లున్నాయి. మట్టీ సున్నం లేకుండా పేర్చిన గోడలోకి వెడల్పాటి పలకలు గుచ్చి, ఇటు నాలుగు అటు నాలుగు బయటికి వదిలారు. ఇద్వాల్ తాత కట్టిన పని. నేను ఎన్నోసార్లు వాటి మీద నిలబడి కాళ్ళతో అదిమి చూశాను. ఒక్క పలకా కదలదు.

ఆ వసంతంలో నేనో సంగతి గమనించాను. ఆదివారం అందరికంటే గంట ముందే టెగ్వెన్ కొండెక్కుతోంది. అందరూ దిగిపోయాక, పుస్తకాలు సర్దాలని చెప్పి ఆలస్యంగా దిగుతోంది. ఓ ఆదివారం, ముందురోజు చాపెల్ కిటికీ బాగుచేసి అక్కడే మరిచిన రంపం కోసం వెనక్కి వెళ్ళాను. ఆమె గోడ పైన కూర్చుని, కుడి కాలిని రెండు చేతులతో ఎత్తి ఇటు వేసుకుంటోంది. నన్ను చూసింది.

"హ్యూ, నువ్వేం చూడలేదు," అంది.

"మోకాలా?"

"చూడలేదన్నానా!"

కాలు కిందికి దించుకుని తనే చెప్పింది. తొక్కడానికి మోకాలు పలుకుతుందట, ఎత్తి మెట్టు మీద వెయ్యడానికే మొరాయిస్తోందట. చాపెల్ పెద్దలు అప్పుడే ఎక్కడి నుంచో పాటల పెట్టె ఒకటి తెచ్చి చూపించారు. మీట నొక్కితే ఏ పాటైనా వాయిస్తుంది. ఎందుకైనా మంచిదని తెచ్చామన్నారు. "నేను గోడ దాటలేనని తెలిస్తే, పాపం టెగ్వెన్‌కి విశ్రాంతి కావాలంటారు. ఆ జూన్ ఆదివారమే ఆ పెట్టెని నా బల్ల మీద పెడతారు. నేను ఇంట్లో కూర్చుని కిటికీ తెరిచి వినాలి."

"గేటు పెట్టిద్దాం కౌన్సిల్లో."

"గొలుసు వేసుకుని నా మోకాలికి నేనే గేటు అడగాలా? నోరు మూసుకో."

నేను నోరు మూసుకున్నాను. కానీ గేటు సంగతి నా పేరు మీద చర్చకి పెట్టాను. కిందటేడు పక్కూరి ముసలివాళ్ళు ఆ మెట్ల దగ్గర ఇబ్బంది పడ్డారు, అది నిజమే. నేను చెప్పింది ముద్దు గేటు గురించి. గోడలో సందు చేసి, దాని వెనక కోడిముక్కు ఆకారంలో చిన్న కంచె కట్టి, ఆ కంచె రెండు కొసల మధ్యా ఊగే గేటు పెడతారు. మనిషి లోపలికి దూరి, గేటుని తన వెనక్కి తిప్పుకుని, అవతలికి వెళ్ళాలి. ఎవరూ మూసే పని లేదు, ఎవరూ తెరిచి వదిలెయ్యలేరు. మా వైపు ఇంకో మాట కూడా ఉంది. ముందు దాటినవాళ్ళు గేటు పట్టుకుని, వెనకొచ్చే వాళ్ళని ముద్దు పెడితేగాని వదలరు.

హెండ్రె ఇద్వాల్ వినగానే అడ్డం తిరిగాడు. "గేటా? నా గోడలోనా? ఓసారి ఎవడో షికారొచ్చినవాడు కింది గేటు తెరిచి పోతే ఏమైందో ఎమ్లిన్‌ని అడుగు."

ఎమ్లిన్ కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. ఊరి పోటీకి పెంచిన లీకు ఉల్లికాడలు, మోచెయ్యంత లావున్నవి, ఇద్వాల్ గొర్రెలు మొదలంటా మేసేశాయి. "నా జన్మలో అలాంటివి మళ్ళీ పండవు," అన్నాడు. "గేట్లకి నేను వ్యతిరేకం."

"అయితే వచ్చే సమావేశం గోడ దగ్గరే," అంది టెగ్వెన్. అలవాటు కొద్దీ అనేసింది. అన్నాక ఆమె మొహం చూశాను. అక్కడైతే అందరి ముందూ ఆ మెట్లెక్కాల్సి రావచ్చు, తన గొయ్యి తనే తవ్వుకున్నట్టు అర్థమైంది ఆమెకి.

మే నెల సాయంత్రం, ఎండ ఇంకా కొండ మీదే ఉంది. సందులో గోడకి ఇవతల నిలబడ్డాం. టెగ్వెన్ గొలుసు సర్దుకుని చర్చ మొదలుపెట్టింది.

డెలిత్ అడిగింది, "ఈ పనిలో సొంత సంబంధం ఉన్నవాళ్ళు చెప్పండి."

"నా గోడ, నా పొలం. నేను పోతున్నా," అని ఇద్వాల్ మేకలా మెట్లెక్కి అవతల దూకి, పొలం మధ్యలో ముళ్ళచెట్టు దాకా వెళ్ళి నిలబడ్డాడు. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది, మా మాట అతనికి చేరదు.

"హ్యూ, గేటు నువ్వే చేస్తావా?" అంది డెలిత్.

"చేస్తే ఊరికే చేస్తాను. డబ్బు పుచ్చుకుంటే నేనూ గోడ దూకాలిగా."

"ఇంకెవరైనా?"

నెరిస్ గడియారం చూసుకుంది. టెగ్వెన్ మెట్ల వైపు చూస్తోంది. ఊరుకుంటే సరిపోయేది. నేను తప్ప ఎవరికీ తెలియదు, నేను చెప్పేవాణ్ణి కాదు. అందరినీ వానలోకి పంపిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఓటు వేయిస్తుందా, లేక ఉన్నది చెబుతుందా?

"నాకుంది," అంది.

"మీకా ఆంటీ? ఏం సంబంధం?"

"మోకాలు."

ఎమ్లిన్ నోరు తెరిచాడు. "మోకాలేంటి?"

"కుడిది. ఈ గేటు పెడితే నేను హార్మోనియం దగ్గరికి పోగలను. పెట్టకపోతే పోలేను. చాలా? ఇక నేను బయటికి పోవాలి."

"సందులో కిందికి వెళ్ళండి ఆంటీ, మలుపు దాకా."

"ఈ సందు గొట్టంలాంటిదమ్మా. మలుపు దగ్గర నిలబడితే ప్రతి ముక్కా వినపడుతుంది. ఎమ్లిన్‌ని అప్పుడు చర్చి మలుపు దాకా పంపింది మాట వినపడకూడదనేగా. బయట అంటే గోడకవతలే." అని గొలుసు తీసి డెలిత్ చేతిలో పెట్టి, మొదటి మెట్టెక్కింది.

సాయం పట్టబోతే చేత్తో కొట్టింది. ఎడమ కాలు, ఆపైన కుడి కాలిని చేతులతో ఎత్తడం, మళ్ళీ ఎడమ కాలు. గోడ మీదికి చేరి కూర్చుంది. ఒక కాలు అటు పడింది. రెండోది రాలేదు. ఎంత లాగినా రాలేదు.

డెలిత్ గొలుసు పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"ఆంటీ," అంది డెలిత్ జాగ్రత్తగా, "మీరిప్పుడు సమావేశంలో ఉన్నట్టా, లేనట్టా?"

"క్లర్కువి నువ్వు. నువ్వు చెప్పు."

"ఒక కాలు లోపల, ఒక కాలు బయట," అన్నాడు ఎమ్లిన్. "మాటలు సగమే వినాలి."

"నీకు బడిలో రెండోసారి వడ్డించినందుకు ఇదా ఎమ్లిన్ బాఖ్, నీ బుద్ధి?" బాఖ్ అన్నది మా వైపు ముద్దుగా పిలిచే పిలుపు. ఆమె నోట్లో మాత్రం గరిటె దెబ్బలా వినిపించింది. అయినా ఆమే నవ్వేసింది. దాంతో మేమందరం నవ్వాం, ఆ నవ్వులో కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

గోడ మీద ఎవరో ఇరుక్కోవడం చూసి ఇద్వాల్ ముళ్ళచెట్టు దగ్గర్నుంచి వచ్చాడు. అది టెగ్వెన్ అని పోల్చుకుని ఆగిపోయాడు. వాళ్ళిద్దరూ ఒకే బడి బల్ల మీద కూర్చుని చదివినవాళ్ళు.

"ఏంటే, గూడు కడుతున్నావా?"

"నోరు కాదు, భుజం ఇవ్వు."

అతను వీపు తిప్పి నిలబడి, ఆమె చేతులు తన భుజాల మీద వేసుకున్నాడు.

"గొర్రెని ఎత్తినట్టు ఎత్తకు, ఇద్వాల్."

"గొర్రె ఇంత మాట్లాడదు."

ఆమెని దించి, మోచెయ్యి పట్టుకుని ముళ్ళచెట్టు దాకా నడిపించాడు. ఆమె కుడి కాలు ఈడ్చడం అతను చూశాడు. ఇక అక్కడ వాళ్ళేం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. తర్వాత ఇద్దర్నీ విడివిడిగా అడిగితే ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. రెంటిలోనూ కలిసిన ముక్క ఇది:

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే గేటు పెట్టనిచ్చేవాడివా?"

"లేదు. ప్రతి ఆదివారం వచ్చి ఎత్తేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు. ఇంతకీ నీ గొర్రెల మీద నీకంత ప్రేమా?"

"గొర్రెలు కాదే. మీ కౌన్సిల్ ఎవడో కాంట్రాక్టుకి ఇస్తుంది. వాడు మా తాత పలకల్ని పీకి బండిలో వేసుకుపోతాడు. తాత ఆ పలక ఒక్కోటి కొండ మీంచి వీపున మోశాడు."

"గేటు కావాలన్నాం గానీ మెట్లు పీకమన్నామా?"

ఇవతల మా చర్చ అంత తీరుగా సాగలేదు. నెరిస్ గేటు కావాలంది. నేనూ కావాలన్నాను. ఎమ్లిన్ బూటుతో మట్టి గీకుతూ నిలబడ్డాడు. అతను మా గుంపులో అన్నిటికంటే కింది గొంతు పాడతాడు, ఆ గొంతుకి చాపెల్ కిటికీలు అదురుతాయి.

"ఆ పెట్టె ఉందే," అన్నాడు చివరికి, "నేను ఊపిరి తీసుకునేదాకా ఆగుతుందా?"

"ఆగదు," అన్నాను.

"టెగ్వెన్ ఆగుతుంది."

"ఆగుతుంది. వీపుతో తిడుతుంది, కానీ ఆగుతుంది."

"లీకులు మళ్ళీ వేసుకోవచ్చు," అని చెయ్యెత్తాడు ఎమ్లిన్. మేమూ ఎత్తాం. ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఇద్వాల్ చెప్పాలని రాసుకుని, ఇద్దర్నీ కేకేశాం. వాళ్ళు అప్పటికే వస్తున్నారు. ఇద్వాల్ దారిలో ఆగి, మెట్లకి రెండు బారల పక్కన గోడ మొదట్లో తన చేతికర్ర నేలకి గుచ్చాడు.

"ఇక్కడ," అన్నాడు. "మెట్లు కదలవు. గోడ నేనే విప్పి నేనే కట్టుకుంటా. వేరే ఎవడైనా రాయి ముట్టుకుంటే వాడి చెయ్యి గోడలో పెట్టి కడతా."

అలా పనిలోకి దిగాం. నా దగ్గర ఎండిన ఓకు చెట్టు దుంగలున్నాయి, చర్చి దూలానికని దాచినవి. స్తంభాలు కాస్త వాలుగా పాతి, పై కీలు కింది కీలు కంటే కొంచెం లోపలికి పెడితే గేటు తన బరువుకి తనే వచ్చి మూసుకుంటుంది. ఆ వాలు కుదిరేదాకా దాన్ని పాతడం, పీకడమే పని. ఇద్వాల్ పక్కన గోడ కొసలు కడుతూ, ప్రతి రాయిని చేతిలో తిప్పి చూసి పెట్టేవాడు. ఇద్దరం రోజంతా పని చేసినా పది మాటలు మాట్లాడుకునేవాళ్ళం కాదు. హాయిగా ఉండేది.

కంచె లోపల ఎంత చోటు వదలాలన్న దగ్గర కౌన్సిల్ మళ్ళీ వచ్చి నిలబడింది. అందరిలోకీ లావైనవాడు పట్టాలి కదా అని ఎమ్లిన్‌ని మధ్యలో నిలబెట్టి గీతలు గీశాం.

"ఇంకాస్త. పండగ రోజు కోటు వేసుకుంటాను," అన్నాడు.

"భోజనం కూడా చేస్తావు," అంది టెగ్వెన్. "వదలండి ఇంకాస్త."

వదిలాం. గేటు వేళ్ళాడదీసి, వెనక్కి నిలబడి చూసుకున్నాం. అంతలో ఇద్వాల్ పొట్టేలు వచ్చింది. దాని పేరు డీకన్, అచ్చం చాపెల్ పెద్దలా నడుస్తుందని. లోపలికి దూరింది, ఆగింది, వీపుతో గేటుని పక్కకి నెట్టింది, ఎమ్లిన్ కోసం వదిలిన చోటులో తీరిగ్గా ఒళ్ళు తిప్పుకుంది, ఇవతలికి వచ్చేసింది. వచ్చి మా అందరినీ చూసింది, ఆశీర్వదించబోతున్నట్టు.

"ఎమ్లిన్," అంది నెరిస్, "నీ కొలతా డీకన్ కొలతా ఒకటే."

ఇద్వాల్ కర్ర పుచ్చుకుని దాన్ని వెనక్కి తోలాడు. పండగ రెండ్రోజుల్లోకి వచ్చింది. ఇలా ఉంటే అతను ఒప్పుకోడు, న్యాయం కూడా కాదు. టెగ్వెన్ మొహంలో నవ్వు తగ్గింది. నేను ఓ పక్క స్తంభం పీకి జానెడు లోపలికి పాతాను. డీకన్‌ని మళ్ళీ తోలాం. దూరింది, తిరగబోయింది, తిరగలేక వెనక్కి నడుచుకుంటూ పోయింది, పరువు తక్కువైనట్టు. ఎమ్లిన్ వంతు వచ్చింది. ఊపిరంతా బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, అవతలికి వచ్చి గట్టిగా వదిలాడు. కింది గొంతు పాడేవాడి ఊపిరి మరి, డీకన్ బెదిరి పరిగెత్తింది.

"పాటకి ముందు మంచి సాధన," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ఆదివారం అందరూ ఒకే గుంపుగా కొండెక్కారు. టెగ్వెన్ గంట ముందు వెళ్ళలేదు. మంచి టోపీ పెట్టుకుని, పాటల పుస్తకాలు చంకలో పెట్టుకుని, అందరి మధ్యా నడిచింది. గేటు దగ్గర ఆమెకే దారి వదిలాం. లోపలికి అడుగు పెట్టింది, గేటుని వెనక్కి తిప్పింది, అవతలికి వచ్చింది. కాలు ఎక్కడా ఎత్తాల్సి రాలేదు. గేటు నెమ్మదిగా తన చోటికి తనే వచ్చి, టక్కుమని స్తంభాన్ని తాకింది. ఆ చప్పుడు నాకిప్పటికీ ఇష్టం.

ఆమె వెంటనే వెనక్కి తిరిగి గేటు పట్టేసుకుంది. తర్వాతి వాడు హెండ్రె ఇద్వాల్, పండగ బట్టల్లో, మెడ బిగించుకుని.

"సుంకం," అంది, చెంప చూపించి.

"అవతలికి జరుగు, టెగ్వెన్. జనం చూస్తున్నారు."

"చూడాలనే. నీ గోడ, నీ పొలం. సొంత సంబంధం ఉన్నవాడివి, ముందు నువ్వే కట్టాలి."

వెనక పక్కూరి వాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. ఇద్వాల్ చెవులు కందగడ్డలయ్యాయి. అటూ ఇటూ చూశాడు. చూసి చటుక్కున పక్కకి తిరిగి, తాత కట్టిన మెట్లెక్కి, గోడ దూకి, చాపెల్ వైపు పెద్ద పెద్ద అంగలతో పోయాడు. ఆ వయసులో అంత వేగంగా ఆ మెట్లెక్కినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

"పారిపోయాడు!" అని అరిచింది టెగ్వెన్, నవ్వి నవ్వి గేటు పట్టుకుని. ఆ తర్వాత ఎమ్లిన్ దగ్గర వసూలు చేసింది. పాపం అతను ఊపిరి బిగబట్టి ఉండడం వల్ల కాదనలేకపోయాడు.

పాటల పెట్టె ఆ రోజు మూలన గుడ్డ కప్పుకుని ఉంది. దాని మీద ఎవరో గొడుగులు పెట్టారు. టెగ్వెన్ బల్ల మీద కూర్చుని రెండు కాళ్ళతో తొక్కింది, ఆ పెద్ద హార్మోనియం నిట్టూర్చి లేచింది. మేం ఆమె వీపు చూసి పాడాం. మూడో పాటలో ఎమ్లిన్‌కి ఊపిరి అందకపోతే ఆమె ఒక్క క్షణం ఆగింది.

ఇప్పుడు ఆ గోడ దగ్గర రెండు దారులున్నాయి. మెట్ల పలకల మీద పచ్చిక మొలవనే లేదు. టెగ్వెన్ ముందు నడుస్తోందని తెలిస్తే మా ఊరి మగవాళ్ళలో సగం మంది ఆ మెట్లే ఎక్కుతారు. మిగతా సగం గేటు దగ్గర వరసలో నిలబడతారు. ఈ మధ్య ఓ ఆదివారం ఆ వరసలో చిట్టచివర హెండ్రె ఇద్వాల్ నిలబడి ఉన్నాడు, టోపీ చేత్తో పట్టుకుని, మేఘాలేవో లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ.